హ్యూస్టన్ బండి, కొలరాడో కొండ: వైజెడ్250 జెట్టింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మైల్‌హై_మురళి · డెన్వర్

అందరికీ నమస్తే. హ్యూస్టన్‌లో ఉన్నప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఒక యమహా వైజెడ్250 తీసుకున్నాను. టూ స్ట్రోక్ డర్ట్ బైక్, కార్బ్ (గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్) కీహిన్ పీడబ్ల్యూకే 38. అక్కడ బురదలో, ఇసుకలో ఏ పేచీ లేకుండా తిరిగింది. ఉద్యోగం డెన్వర్‌కి మారాక బండి తీరే మారిపోయింది. రాంపార్ట్ రేంజ్ ట్రెయిల్స్‌లో మెల్లగా వెళ్తుంటే గొణుగుతుంది. థ్రాటిల్ తిప్పితే ఓ క్షణం ఉలకదు పలకదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగురుతుంది. ప్లగ్‌లు తడిసి షార్ట్ అవుతున్నాయి. సైలెన్సర్ చివర నల్లటి జిడ్డు కారి వెనక మడ్‌గార్డ్ మీద చారలు కడుతోంది.

కార్బ్ విప్పి చూశాను. మెయిన్ జెట్ (పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) 178, పైలట్ జెట్ 50, నీడిల్ (జెట్‌లోకి దిగే సూది) క్లిప్ పైనుంచి మూడో గాడిలో ఉంది. ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్లు బయటికి. పెట్రోల్ 91 ఆక్టేన్, దాంట్లో కలిపే ఆయిల్ 32:1.

వచ్చే నెల టేలర్ పార్క్ వెళ్దామనుకుంటున్నాం. అక్కడ రిజర్వాయరే 9,300 అడుగుల ఎత్తులో ఉంది, కాటన్‌వుడ్ పాస్ ఎక్కితే 12,000 దాటుతుంది. ఏ జెట్లు కొనాలో చెప్పండి ప్లీజ్.

చిల్లర_గేరు · హైదరాబాద్

ఇందులో ఏముంది అన్నా. 10,000 అడుగుల్లో గాలి నాలుగో వంతు తక్కువ. జెట్ కూడా నాలుగో వంతు తగ్గించు. 178లో పాతిక శాతం తీస్తే 133. ఆర్డర్ పెట్టెయ్.

వెంచురి · పుణె

మురళీ, 133 వేసి ఫుల్ థ్రాటిల్ పెట్టారంటే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో ఇరుక్కుని సీజ్ అవుతుంది. దయచేసి ఆ ఆర్డర్ పెట్టకండి.

గాలి నాలుగో వంతు తగ్గుతుందన్నది నిజమే. కానీ గాలి పల్చబడినప్పుడు కార్బ్‌లో పీల్పు కూడా తగ్గుతుంది. పీల్పు తగ్గితే జెట్‌లోంచి వచ్చే పెట్రోల్ దానంతటదే కొంత తగ్గుతుంది. అంటే సగం సర్దుబాటు కార్బే చేసుకుంటుంది. సాంద్రత ఎంత తగ్గిందో అంత కాకుండా, పెట్రోల్ దాని వర్గమూలం మేరకే తగ్గుతుంది. మనం సర్దాల్సింది మిగిలిన తేడానే.

రెండో సంగతి. కీహిన్ మెయిన్ జెట్ మీద అంకె రంధ్రం వ్యాసం, మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్క. 178 అంటే 1.78 మి.మీ. పెట్రోల్ వెళ్ళేది రంధ్రం వైశాల్యాన్ని బట్టి. కాబట్టి అంకె మార్చేటప్పుడు ఇంకోసారి వర్గమూలం తీయాలి.

హ్యూస్టన్ ఎండాకాలంతో పోలిస్తే డెన్వర్‌లో గాలి దాదాపు 16 శాతం పల్చన. సాంద్రత 0.84, వర్గమూలం 0.917, మళ్ళీ వర్గమూలం 0.957. 178ని దాంతో గుణిస్తే 170. టేలర్ పార్క్ ట్రెయిల్స్‌లో 10,000 అడుగుల దగ్గర సాంద్రత 0.73 అనుకుంటే 164, 165 దగ్గర తేలుతుంది. పైలట్ కూడా అదే నిష్పత్తిలో 50 నుంచి 48 లేదా 45.

ఇది హ్యూస్టన్‌లో జెట్టింగ్ సరిగ్గా ఉండేదన్న నమ్మకం మీద నిలబడ్డ లెక్క. అక్కడే కాస్త రిచ్‌గా, అంటే పెట్రోల్ పాలు ఎక్కువగా ఉండి ఉంటే ఇక్కడ ఇంకొంచెం కిందికి వెళ్ళాలి.

చిల్లర_గేరు · హైదరాబాద్

ఇంటర్‌లో ఈ లెక్కలు ఎగ్గొట్టి బండి వేసుకుని తిరిగినందుకు దేవుడు ఇలా తీర్చుకుంటున్నాడు 😄

బురదబండి · ఆస్టిన్

నాది 2018 కేటీఎం 300, మికుని టీఎమ్ఎక్స్ 38 కార్బ్. కంపెనీ నుంచి వచ్చినప్పుడే బాగా రిచ్. కొలరాడో వచ్చినప్పుడల్లా నేను రెండు సైజులు దించుతాను. మురళి కూడా రెండు దించితే సరిపోదా?

వెంచురి · పుణె

మీ కార్బ్‌లో మెయిన్ జెట్ నాలుగు వందల్లో ఉంటుంది, ఆయనది 178. అక్కడే తెలుస్తోంది రెండూ ఒకే కొలత కాదని. మికుని పెద్ద హెక్స్ జెట్ల మీద అంకె ప్రవాహాన్ని బట్టి వేస్తారు. మీరు 10,000 అడుగులకు వెళ్తే అంకెను 0.85తో గుణించాలి, కీహిన్ అయితే 0.92తో. "రెండు సైజులు" అన్న మాట కార్బ్ పేరు లేకుండా చెబితే అర్థం లేదు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

ఆర్ఎక్స్_బాబాయ్ · గుంటూరు

లెక్క బాగుంది. జెట్లు కొనడానికి పనికొస్తుంది. బండి బాగుపడటానికి మాత్రం ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి. మురళీ, నీ బండి ఇబ్బంది పెడుతోంది థ్రాటిల్ ఎంత తిప్పినప్పుడు? "మెల్లగా వెళ్తుంటే" అంటే నాకు తెలియదు. మూడో గేరులో పావు థ్రాటిల్ కూడా మెల్లగానే, మొదటి గేరులో మూసి ఉన్నా మెల్లగానే.

ఒక పని చెయ్యి. పెయింటర్లు వాడే కాగితం టేప్ ఒక ముక్క థ్రాటిల్ హౌసింగ్ మీద అంటించు, ఇంకో ముక్క గ్రిప్ అంచు మీద. మూసినప్పుడు, పూర్తిగా తిప్పినప్పుడు గీతలు గీసి, మధ్యలో పావు, సగం, ముప్పావు గీతలు పెట్టు. తొక్కేటప్పుడు ఇబ్బంది వచ్చిన క్షణాన కిందికి ఒక చూపు చూడు.

మూసినప్పటి నుంచి పావు దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూలదే రాజ్యం. ఎనిమిదో వంతు నుంచి పావు మధ్య స్లైడ్ (థ్రాటిల్ తిప్పితే లేచే పలక) కోత, నీడిల్ పైభాగం మందం కూడా చెయ్యేస్తాయి. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ సన్నబడే భాగం, అంటే క్లిప్ ఏ గాడిలో ఉందన్నది. ముప్పావు దాటాకే మెయిన్ జెట్. వీటి మధ్య గోడలు ఉండవు, ఒకదాని ఇలాకాలోకి ఇంకొకటి వస్తూనే ఉంటుంది.

కొండ దారిలో, రాళ్ళలో నువ్వు ఫుల్ థ్రాటిల్ పెట్టేది ఎంతసేపు? చెట్ల మధ్య అయితే అసలు పెట్టవు. అందరూ మెయిన్ జెట్ నంబర్ అడుగుతారు, నడిచేదంతా పైలట్ మీదా నీడిల్ మీదా.

అరకు_ఘాట్ · విశాఖపట్నం

బాబాయ్ చెప్పిన టేప్ పద్ధతి నా ఆర్ఎక్స్135 మీద చేశాను. మెయిన్ జెట్ అనుకున్నది నీడిల్ అని తేలింది. థ్రాటిల్ సగానికి మించి తిప్పుతున్నానని నా భ్రమ, గీత చూస్తే పావు దగ్గరే ఉంది.

మైల్‌హై_మురళి · డెన్వర్

టేప్ వేసుకుని తిరిగాను బాబాయ్. ఇబ్బంది అంతా పావు లోపే. సగం దగ్గర కొద్దిగా ఫోర్ స్ట్రోక్‌లా పటపట కొడుతోంది. ఫుల్ థ్రాటిల్‌లో మొద్దుగా ఉంది కానీ లాగుతోంది.

జెట్లు వచ్చాయి: మెయిన్ 165, 168, 170, 172, పైలట్ 45, 48. ముందు అన్నీ ఒకేసారి మార్చేసి చూడనా?

ఆర్ఎక్స్_బాబాయ్ · గుంటూరు

వద్దయ్యా. అన్నీ ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైనా తెలియదు. మెయిన్ 170 వేసి దాన్ని అలా ఉంచు. రిచ్ వైపు నుంచే దిగుతున్నావు కాబట్టి ప్రమాదం లేదు. తర్వాత పైలట్ 48.

పైలట్ సరిపోయిందో లేదో ఎయిర్ స్క్రూనే చెబుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్ కొంచెం పెంచి ఉంచు. స్క్రూ మెల్లగా లోపలికి చివరిదాకా తిప్పు, బిగించకు, దాని మొన సుకుమారం. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున బయటికి తిప్పుతూ, ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఆగి విను. ఒక చోట ఇంజిన్ వేగం పైకెక్కి శబ్దం తేటపడుతుంది, అది దాటితే మళ్ళీ తగ్గుతుంది. ఆ ఎక్కిన చోటు ఒకటి నుంచి రెండు చుట్ల మధ్య వస్తే పైలట్ సరైనదే. ఒక చుట్టు లోపే వచ్చిందంటే పైలట్ చిన్నది, పెద్దది వెయ్యి. రెండున్నర దాకా తిప్పినా వేగం ఎక్కుతూనే ఉందంటే పైలట్ పెద్దది.

చిల్లర_గేరు · హైదరాబాద్

ఒక డౌట్ బాబాయ్. మా ఫోర్ స్ట్రోక్ బండికి స్క్రూ బయటికి తిప్పితే మెకానిక్ రిచ్ అయిందన్నాడు. మీరు ఉల్టా చెబుతున్నారు.

ఆర్ఎక్స్_బాబాయ్ · గుంటూరు

మీ మెకానిక్ చెప్పిందీ నిజమే. స్క్రూ ఎక్కడుందో చూడు. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరిగి లీన్, అంటే పెట్రోల్ పాలు తక్కువ. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. టూ స్ట్రోక్ కార్బ్‌లలో ఎక్కువగా ఫిల్టర్ వైపే ఉంటుంది.

బురదబండి · ఆస్టిన్

మురళీ, మెయిన్ జెట్ మార్చడానికి కార్బ్ మొత్తం పీకక్కర్లేదు. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, రెండు వైపులా క్లాంపులు వదులు చేసి, కార్బ్‌ని నీ వైపు కాస్త తిప్పు. కింద పెద్ద 17 మి.మీ. నట్ ఉంటుంది, అది విప్పితే మెయిన్ జెట్ కనబడుతుంది, 6 మి.మీ. సాకెట్‌తో వచ్చేస్తుంది. నట్ విప్పేముందు కింద డబ్బా పెట్టు, కార్బ్ అడుగు గిన్నెలోని పెట్రోల్ అంతా చేతి మీదుగా దిగుతుంది, సైలెన్సర్ వేడిగా ఉన్నప్పుడు అస్సలు వద్దు. పైలట్‌కి మాత్రం గిన్నె తీయాలి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడు. ఇత్తడి కదా, ఒక్కసారి జారితే గాడి అరిగిపోతుంది.

ఇంకో మాట, కొండల్లో ఇంజిన్ కష్టపడుతుంది కాబట్టి ఆయిల్ కాస్త పెంచుకో, 24:1 అయినా పర్లేదు. ఎలాగూ రిచ్ చేస్తుంది కాబట్టి సీజ్ భయం ఉండదు.

వెంచురి · పుణె

చివరి మాటతో ఒప్పుకోలేను బ్రో. ఆయిల్ పెంచితే పొగ పెరుగుతుంది, జిడ్డు పెరుగుతుంది, అందుకని అందరూ రిచ్ అయిందనుకుంటారు. నిజానికి జెట్‌లోంచి వెళ్ళే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది, పైగా మిశ్రమం చిక్కబడి కొంచెం నెమ్మదిగా కదులుతుంది. గాలి, పెట్రోల్ లెక్కలో అది లీన్ వైపే జరుగుతుంది. లూబ్రికేషన్ పెరగడం మంచిదే, కానీ జెట్టింగ్ కుదిరాక ఆయిల్ పాళ్ళు మార్చకూడదు. 32:1 అంటే లీటరుకు 31 మి.లీ., అమెరికా గ్యాలన్‌కు 118 మి.లీ. ఏదో ఒకటి పట్టుకుని కొలత గ్లాసుతో పొయ్యండి, కంటి అంచనాతో కాదు.

మైల్‌హై_మురళి · డెన్వర్

అప్‌డేట్. మెయిన్ 170, పైలట్ 48 వేశాను. జిడ్డు బాగా తగ్గింది, ఎక్కువ థ్రాటిల్‌లో బండి తేలిగ్గా లాగుతోంది. క్లిప్ ఒక గాడి పైకి, అంటే రెండో గాడికి మార్చాక సగం థ్రాటిల్ దగ్గర పటపట కూడా పోయింది.

కానీ తక్కువ థ్రాటిల్ దగ్గర ఇప్పుడు కొత్త తలనొప్పి. థ్రాటిల్ వదిలాక ఇంజిన్ వేగం వెంటనే దిగట్లేదు, కాసేపు పైనే వేలాడి దిగుతోంది. పైలట్ చిన్నదై లీన్ అయిందేమోనని మళ్ళీ 50 వేశాను. అయినా వేలాడుతోంది. ఎయిర్ స్క్రూ లోపలికి, బయటికి ఎంత తిప్పినా పెద్ద తేడా లేదు. అసలు ఈ కార్బే వద్దు, జెట్లు లేని లెక్ట్రాన్ కార్బ్ కొనెయ్యమంటున్నాడు ఇక్కడ ఒక ఫ్రెండ్.

ఆర్ఎక్స్_బాబాయ్ · గుంటూరు

పర్సు లోపల పెట్టు. నువ్వు చెప్పిన మూడు సంగతులూ కలిపి చూస్తే ఇది జెట్ జబ్బు కాదు. వేగం వేలాడుతోంది, పైలట్ పెంచినా మారలేదు, స్క్రూకి స్పందన లేదు. కార్బ్ దాటి ఎక్కడో దొంగ గాలి లోపలికి పోతోంది. ఇన్నాళ్ళూ రిచ్‌గా ఉండటం వల్ల అది బయటపడలేదు. జెట్టింగ్ సరైన చోటికి దగ్గరయ్యేసరికి కనబడింది.

ఇది తేలేదాకా బండి గట్టిగా తోలకు. టూ స్ట్రోక్‌లో గాలి లీకుతో వేడెక్కితే పిస్టన్, సిలిండర్ రెండూ పోతాయి.

వెతకాల్సిన వరుస చెబుతాను. మొదట కార్బ్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు. క్లాంప్ తీసి రబ్బరుని వేళ్ళతో వెనక్కి వంచి చూడు, పగుళ్ళు వంచితేనే తెరుచుకుంటాయి. ఆర్ఎక్స్ బండ్లలో పది కేసుల్లో సగం ఆ రబ్బరు జాయింటే. తర్వాత ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారిలో ఉండే రీడ్ వాల్వ్ రేకులు. వెలుతురుకి ఎత్తి పట్టి చూడు, రేకుకీ సీటుకీ మధ్య సందు కనబడకూడదు, మూలలు చిట్లి ఉండకూడదు. ఇవి రెండూ బాగుంటే మిగిలింది క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే ఆయిల్ సీల్.

వెంచురి · పుణె

సీల్ సంగతి ఇంకొంచెం. రెండు వైపులా ఉంటాయి. క్లచ్ వైపు సీల్ పోతే ఇంజిన్ గేర్‌బాక్స్ ఆయిల్ తాగుతుంది, తెల్లటి పొగ ఎక్కువగా వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గుతుంది. మాగ్నెట్ వైపు సీల్ పోతే పొడి గాలి లాగుతుంది, పొగ ఉండదు, వేగం వేలాడుతుంది. మీ లక్షణాలు రెండోదానివి.

నిర్ధారించడానికి ప్రెజర్ టెస్ట్ చేయండి. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ రెండూ రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో 6 పీఎస్ఐ ఎక్కించాలి. అంతకు మించి వద్దు, సీల్ పెదవి తిరగబడుతుంది. ముల్లు కొన్ని నిమిషాల పాటు దాదాపు కదలకుండా ఉండాలి. పడిపోతుంటే సబ్బు నీళ్ళు చల్లుకుంటూ వెళ్ళండి. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టకండి.

అరకు_ఘాట్ · విశాఖపట్నం

థ్రెడ్ పక్కదారి పట్టిస్తున్నానని తిట్టకండి. నా ఆర్ఎక్స్135కి ఈ మధ్య థ్రాటిల్ వదిలితే వేలాడటం, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొండికేయడం మొదలైంది. రబ్బరు జాయింట్ కొత్తదే. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చాకే ఇది అని నా అనుమానం. నిజమా, ఊరికే భ్రమా?

వెంచురి · పుణె

భ్రమ కాదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, అందుకని దానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోల్ ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే దాదాపు 13.5 చాలు. ఇంజెక్షన్ బండి కొంతవరకు సర్దుకుంటుంది. మీ మికుని వీఎం20కి ఆ తెలివి లేదు, కాబట్టి బండి లీన్ అవుతుంది. మన దేశంలో 2022లో 10 శాతం, 2025కి 20 శాతం అయింది. ఆర్ఎక్స్ తయారైన కాలంలో ఈ పెట్రోల్ లేదు.

ఆర్ఎక్స్_బాబాయ్ · గుంటూరు

పైలట్ ఒక సైజు పెంచి చూడు. కానీ దానికంటే ముందు ట్యాంక్ దించి పెట్రోల్ ట్యాప్ జాలీ చూడు. ఈ పెట్రోల్ పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కరిగించి తెచ్చి పైలట్‌లో పెడుతోంది. మూసుకుపోయిన జెట్ కూడా లీన్ జెట్టే. పైలట్ రంధ్రంలో ఇనుప తీగ పెట్టి గుచ్చకు, క్లీనర్ కొట్టి గాలి ఊదు. బండి నెలల తరబడి నిలబెడితే గిన్నె ఖాళీ చేసి పెట్టు.

నీకు ఆయిల్ పంపు ఉంది కాబట్టి ట్యాంకులో కలిపే గొడవ లేదు, పంపు కేబుల్ గుర్తులు మాత్రం కలిశాయో లేదో చూసుకో.

మోడరేటర్

ఆర్ఎక్స్, ఇథనాల్ చర్చకు వేరే థ్రెడ్ తెరిచాను. ఇక్కడ మురళి గారి బండి సంగతే కొనసాగిద్దాం.

మైల్‌హై_మురళి · డెన్వర్

దొరికింది! రబ్బరు బాగుంది, రీడ్ రేకులు బాగున్నాయి. బిరడాలు పెట్టి 6 పీఎస్ఐ ఎక్కిస్తే ముల్లు నిలబడలేదు. ఎడమ కవర్ తీసి ఫ్లైవీల్ వెనక సబ్బు నీళ్ళు కొడితే సన్నటి నురగ, షాఫ్ట్ చుట్టూ ఒక పక్కనే. మాగ్నెట్ వైపు సీలే. బాబాయ్, వెంచురి గారూ, మీరు గుంటూరు, పుణెల్లో కూర్చుని డెన్వర్ గ్యారేజ్‌లో బండికి వైద్యం చేశారు.

ఫ్లైవీల్ పుల్లర్‌తో లాగి పాత సీల్ తీశాను. పెదవి గట్టిపడి, గోరుతో నొక్కినా వంగట్లేదు. కొత్తది వేసి, పెదవికి కాస్త గ్రీజు రాసి కూర్చోబెట్టాను. మళ్ళీ టెస్ట్ చేస్తే ముల్లు కదల్లేదు.

ఇప్పుడు పైలట్ 50తో మళ్ళీ గొణుగుతోంది, ఎయిర్ స్క్రూ రెండున్నర దాకా తిప్పినా వేగం ఎక్కుతూనే ఉంది.

ఆర్ఎక్స్_బాబాయ్ · గుంటూరు

మంచిది. ఇప్పుడు స్క్రూ మాట వింటోంది. 48 కూడా దాటి 45కి వెళ్ళు. టేలర్ పార్క్‌కి అదే ఉంటుంది.

బురదబండి · ఆస్టిన్

ఒక సలహా. ట్రెయిల్‌లో మెయిన్ జెట్ మార్చే పని పెట్టుకోకు. పైకి వెళ్ళాక ఎయిర్ స్క్రూ పావు, అర చుట్టు బయటికి తిప్పితే చాలు. చేత్తో తిప్పే పొడుగు తలకాయ స్క్రూ దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ కోసం బ్యాగ్ విప్పక్కర్లేదు. స్పేర్ ప్లగ్, దాని స్పానర్ మాత్రం మర్చిపోకు.

చిల్లర_గేరు · హైదరాబాద్

ప్లగ్ రంగు చూసి చెప్పడం అంటారు కదా, అది ఎవరూ చెప్పలేదేంటి? ఇటుక రంగు వస్తే కరెక్ట్ అట.

ఆర్ఎక్స్_బాబాయ్ · గుంటూరు

అరగంట అన్ని రకాలుగా తోలి, ఐడిల్‌లో ఆపి, ప్లగ్ విప్పి చూస్తే ఏ జెట్ గురించి చెబుతుంది అది? అన్నీ కలిపి ఒక మసి. పైగా ఇప్పటి పెట్రోల్‌కి ఆ పాత ఇటుక రంగు సరిగ్గా రాదు. మెయిన్ జెట్ చూడాలంటే కొత్త ప్లగ్ వేసి, ఖాళీ చోట మూడో గేరులో ఫుల్ థ్రాటిల్ లాగి, అదే స్థితిలో క్లచ్ పట్టి ఇంజిన్ కట్ చెయ్యాలి. అప్పుడు విప్పి, తెల్ల పింగాణీ లోతున, మొదట్లో ఉన్న వలయం చూడాలి. బయట కొన రంగు కాదు. లోపల అసలు వలయమే లేకుండా తెల్లగా ఉంటే లీన్, ఒక సైజు పెంచు.

మైల్‌హై_మురళి · డెన్వర్

టేలర్ పార్క్ అయింది. చివరికి కుదిరినవి: మెయిన్ 168, పైలట్ 45, క్లిప్ రెండో గాడి, డెన్వర్ దగ్గర ఎయిర్ స్క్రూ ఒకటింపావు, పైన 10,000 దాటాక ఒకటిన్నర పైన. లెక్క ప్రకారం 165 రావాలి కానీ పొడుగు ఎక్కుళ్ళలో 165తో కాస్త పదునుగా, వేడిగా అనిపించింది, 168కి వచ్చాక తగ్గింది. ప్లగ్ వలయం కూడా కనబడింది. ఎత్తులో పవర్ తగ్గింది, అది ఏ జెట్ వేసినా తిరిగి రాదు కాబట్టి వెనక స్ప్రాకెట్‌కి ఒక పన్ను పెంచుదామనుకుంటున్నాను.

దయచేసి ఈ నంబర్లు మీ బండికి ఉన్నదున్నట్టు వేసుకోకండి. నాది పాత నీడిల్, మీది వేరే ఉండొచ్చు. నీడిల్ మందంలో మిల్లీమీటర్‌లో వందో వంతు తేడా ఉన్నా పావు థ్రాటిల్ దగ్గర కథ మారుతుంది.

ఒక్క చివరి ప్రశ్న. నవంబర్‌లో కిందే, 10,000 లోపు, సున్నా కన్నా ఐదు డిగ్రీలు తక్కువలో తిరగాలంటే?

వెంచురి · పుణె

20 డిగ్రీల నుంచి మైనస్ 5కి వస్తే గాలి దాదాపు 9 శాతం చిక్కబడుతుంది. అదే లెక్కలో అంకె 2 శాతం పైకి. 168 ఉంటే 172 వేసుకోండి, ఎయిర్ స్క్రూ పావు చుట్టు లోపలికి. పైలట్ 48 పెట్టెలో ఉంచండి, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తే అప్పుడు వేద్దురు.